నిన్నటి రోజు అడిగే అణిమా ది

ఈ సంవత్సరం జూలై నెల చివరి శనివారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఈ జ్ఞాపకం మొదలైంది. నేను చదువుకున్న మహిళా కళాశాలలో, రెండవ అంతస్తులోని కంప్యూటర్ ల్యాబ్ గుమ్మం ముందు నిలబడి చెప్పులు విడుస్తున్నాను. బయట వాన జోరుగా కురుస్తోంది. గుమ్మంలో పరచిన గోనెపట్టా అమ్మాయిల పాదాల తడికి నానిపోయి ఉంది. లోపలి నుంచి ఎవరో తలుపు తీశారు. ఏసీ చల్లదనం బయటికి వచ్చి, ఆ తడి గోనె వాసనను ఒక్కసారిగా పైకి లేపింది. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా నేను అలాగే ఆగిపోయాను. కలకత్తాలో తడి గోనె వాసన అరుదైనదేమీ కాదు. బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లుల వైపు నుంచి వచ్చే లారీల వెనుక నడిచినా అదే వాసన వస్తుంది. కాని చల్లగాలితో కలిసిన ఆ వాసన నా జీవితంలో ఒక్క చోటే ఉంది. దాని వెనుక నుంచి ఎప్పుడూ ఒక గొంతు వినిపించేది: "తలుపు వెయ్యి తల్లీ. చల్లదనమంతా వరండాకి దానం చేస్తున్నావా?"

ఆ గొంతు అణిమా ది గారిది. ఇక్కడి మహిళా కళాశాలల్లో అధ్యాపకురాలిని మేడమ్ అని పిలవడం తక్కువ. పేరు చివర 'ది' చేరుస్తారు, అంటే అక్క. అలా పిలిచినంత మాత్రాన చనువు దొరుకుతుందని ఎవరూ అనుకోనక్కరలేదు. అణిమా ది పొట్టిగా, సన్నగా ఉండేవారు. గంజి పెట్టిన నూలు చీర కట్టేవారు. మెడలో నగ ఉండవలసిన చోట ఎర్రదారానికి కట్టిన పెన్‌డ్రైవ్ వేలాడేది. పాఠంలో ఆమెకంటే దిట్టలు మా కళాశాలలోనే ఉండేవారు. ఆమెకు ఉన్నది వేరు. దేన్నయినా, ఎవరినైనా చూస్తే అడగాలనిపించే గుణం. చేపలమ్మే ఆవిడను కూడా 'ఈ చేప నిన్న ఎక్కడ ఉంది?' అని అడిగి తెలుసుకున్నాకే కొంటారని మేము నవ్వుకునేవాళ్ళం. ఆమె కిందటి చలికాలంలో కన్నుమూశారు. ఆమెను ఎన్నడూ చూడని వారికి ఆమె గురించి చెప్పాలంటే నేను ఎక్కడ మొదలుపెట్టాలో చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. ఆ గోనెపట్టా తేల్చింది.

మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. మా తాత హౌరాలో రైలు దిగి, నగరపాలక సంస్థలో మురుగుకాలువల పనికి చేరాడు. అదే పనిలో మా నాన్న అప్పారావు చేరాడు. ఖిదిర్‌పూర్‌లో సంస్థవారి క్వార్టర్‌లో ఒకటిన్నర గదిలో నాన్న, అమ్మ, నేను, చెల్లెలు రమ ఉండేవాళ్ళం. ఇంట్లో పన్నెండవ తరగతి దాటినది నేనే మొదలు. కంప్యూటర్ సైన్స్ చదువుతానంటే నాన్న ఒకే షరతు పెట్టాడు: ఆడపిల్లల కళాశాల అయితేనే. చేర్పించడానికి తనే స్వయంగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ చూపించినా కూర్చోకుండా, తన బజారు బెంగాలీలో టీచరమ్మను పిలిచినట్టు పిలిచి అడిగాడు:

"దిదిమణీ, ఇక్కడ మగపిల్లలు ఉండరు కదా?"

"ఉండరు," అన్నారు అణిమా ది.

"మరి మిషన్లు చెడిపోతే ఎవరు బాగుచేస్తారు?"

"మీ అమ్మాయి."

నాన్న పెద్దగా నవ్వాడు. వేళాకోళమనుకున్నాడు. బస్సులో కూడా ఆ మాట తలచుకుని నవ్వుతూనే వచ్చాడు.

వేళాకోళం కాదని నాకు మొదటి నెలలోనే తెలిసింది. ఒకరోజు ల్యాబ్‌లో నా ముందు ఒక కంప్యూటర్ పెట్టి, మీట నొక్కమన్నారు. తెర వెలగలేదు. లోపలి నుంచి కీచుమని అదే పనిగా శబ్దం వస్తోంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా వీధి శిక్షణ కేంద్రంలో అలవాటైన పద్ధతి అదే. అక్కడ యంత్రం మొరాయిస్తే వెనుక బెంచీ అబ్బాయి లేచి వచ్చి, 'జరుగు' అని, ఏదో చేసి వెళ్ళేవాడు. ఏం చేశాడో చూడటానికి మా తలలు అడ్డమని కసిరేవాడు కూడా. అణిమా ది నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఏం వినిపిస్తోంది?" అన్నారు. "శబ్దం, ది." "అది నాకూ వినిపిస్తోంది. ఎలాంటి శబ్దం? ఏడుపా, పిలుపా?" నాకు అర్థం కాలేదు. స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి డబ్బా విప్పమన్నారు. "పాడైపోతే, ది?" అన్నాను. "పాడైపోయినదే తెచ్చి నీ ముందు పెట్టాను పార్బొతీ. దాన్ని ఇంకా ఎలా పాడుచేస్తావు?" అన్నారు. నా పేరు పార్వతి. బెంగాలీ నోట అది అలా గుండ్రబడేది. డబ్బా విప్పాను. లోపల దుమ్ము, తీగలు, ఊడివచ్చి వంకరగా నిలిచిన మెమరీ పలక ఒకటి. దాన్ని సరిగా నొక్కి కూర్చోబెట్టాక తెర వెలిగింది. క్లాసంతా చప్పట్లు కొడితే అణిమా ది చెయ్యి ఎత్తి ఆపారు. "చప్పట్లు తరవాత. అది ఎందుకు ఊడింది?" అని నన్నే అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి మరో వారం పట్టింది: పక్క కిటికీ తలుపు రోజూ ఆ బల్లకే కొట్టుకుంటోంది. ఆ వారమంతా నేను ఆ కిటికీని, ఆ బల్లను, గాలిని చూస్తూ గడిపాను. ఒక విషయం తెలుసుకోవాలన్న కోరికతో అన్నం ఆలస్యంగా తినడం నాకు అదే మొదటిసారి.

నాన్న ఎందుకు పంపాడో, అక్కడ నాకు ఏం దొరికిందో, ఈ రెండింటికీ సంబంధం లేదని చాలాకాలం తరువాత గ్రహించాను. ఆయన నన్ను కాపాడటానికి పంపాడు. అక్కడ దొరికింది కాపుదల కాదు. 'జరుగు' అనేవాడు లేకపోవడం దొరికింది. నా మొదటి ఉద్యోగంలో ఒకనాడు సర్వర్ ఆగిపోయింది. పక్క సీటు సహోద్యోగిని కంగారుగా "ఎవరినైనా పిలుద్దాం" అంది. నేను "ఎవరిని?" అన్నాను. వెటకారంగా అనలేదు, నాకు నిజంగానే అర్థం కాలేదు.

అణిమా ది పెట్టిన ఆచారం ఒకటి మా విభాగంలో ఉండేది. నెల చివరి శనివారం, పదకొండు గంటల తరువాత, పాత విద్యార్థిని ఒకామె వచ్చేది. ల్యాబ్ మధ్యలో కుర్చీ వేసేవారు. మేము చుట్టూ కూర్చునేవాళ్ళం. అణిమా ది అడిగే ప్రశ్న ఒక్కటే: "నిన్న ఏం చేశావు? నిద్ర లేచిన దగ్గర నుంచి చెప్పు." జీతం సంగతి అడగకూడదు. సలహాలు చెప్పకూడదు. 'నాకు చిన్నప్పటి నుంచి' అని మొదలుపెడితే ఆమె చూపుడు వేలు గాలిలో వెనక్కి తిప్పేవారు. నిన్నటికి రమ్మని సైగ. మొదట్లో మాకు చాలా నిరాశ కలిగేది. సాల్ట్ లేక్‌లో పెద్ద కంపెనీలో పనిచేసే అక్క వస్తుందంటే, విమానాలూ విదేశాలూ వింటామని ముస్తాబై వచ్చాం. ఆమె నిన్నంతా ఒక నివేదిక చివర ఖాళీ కాగితం ఎందుకు వస్తోందా అని వెతుకుతూ గడిపింది. మధ్యలో ఒక సమావేశంలో తను చెప్పిన మాటనే పై అధికారి మళ్ళీ చెప్పి మెప్పు పొందాడు. "అప్పుడు నువ్వేం చేశావు?" అన్నారు అణిమా ది. "వాటర్ బాటిల్ మూత తీసి, పెట్టాను ది," అంది ఆమె. మేము నవ్వాం. అణిమా ది నవ్వలేదు. "ఎన్నిసార్లు తీశావు?" అని శ్రద్ధగా అడిగారు. అప్పుడు ఆమె కూడా నవ్వేసింది.

మరొక శనివారం వచ్చినామె బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేసిందట. కుర్చీలో కూర్చుంటూనే, "నన్నెందుకు పిలిచారు ది? నేనేమీ చేయడం లేదు," అంది. "నిన్న రోజంతా నిద్రపోయావా?" అన్నారు అణిమా ది. ఆమె తెల్లబోయి, తరువాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. గంట దాటినా ఆమె నిన్న పూర్తి కాలేదు. ఆ గంటలో ఏం విన్నానో ఇప్పుడు గుర్తు లేదు. చివర్లో ఆమె లేచి నిలబడ్డ తీరు గుర్తుంది: వచ్చినప్పటి మనిషి కాదు. మా క్లాసులో గడుసు పిల్ల రుమా, "ది, రేపటి గురించి ఎందుకు అడగరు? ఆశయాలు అవీ?" అని ఒకసారి నిలదీసింది. "రేపటి గురించి అందరూ చక్కగా అబద్ధమాడగలరు," అన్నారు ఆమె. "నిన్నటి గురించి ఆడటం కష్టం. పైగా మీరు రేపు చేరబోయేది వీళ్ళ నిన్నలోకే కదా. ఎలా ఉందో చూసుకోవద్దూ?"

నా ఆఖరి సంవత్సరంలో, పరీక్షలకు కొద్ది వారాల ముందు, నాన్నకు పక్షవాతం వచ్చింది. ప్రాణం నిలిచింది, కుడిచెయ్యి లేవలేదు. ఇక పనికి రాడని వైద్యులు తేల్చారు. అలాంటి సందర్భంలో ఇంట్లో ఒకరికి సంస్థలో పని ఇచ్చే వీలు ఉంటుంది; ఆడవాళ్ళకైతే మామూలుగా రోడ్లు ఊడ్చే పని. ఎవరూ చేరకపోతే క్వార్టర్ ఖాళీ చేయాలి. తాత నాటి నుంచి ఉన్న గది. చెల్లెలు తొమ్మిదిలో ఉంది. నాన్న పనిచేసే జట్టుకు సర్దార్ అయిన గురువులు మావయ్య మా వాళ్ళే, మా మంచి కోరేవాడు. మంచం అంచున కూర్చుని తేల్చి చెప్పాడు: "ఇంక ఆలోసన ఏటి బావా? గుంట ఉంది గదా. డిగ్రీ సదువుతున్న గుంటని రోడ్డు మీదికి పంపుతారేటి? టేబులూ కుర్సీ ఇస్తారు. నెలాకరు లోపల పేరిచ్చీసి, పనిలోకి దిగిపోతే సరి."

నాన్న కళ్ళు మూసుకుని తలాడించాడు. నాకు కూడా అందులో తప్పు కనిపించలేదు. ఇది మా క్వార్టర్లలో ఎవరైనా చేసే ఆలోచనే. ఇంట్లో చదివిన పిల్ల ఉన్నప్పుడు ఉద్యోగం ఆ పిల్లది. టేబుల్ ఇస్తారని గురువులు మావయ్యకు ఎవరు చెప్పారని నాన్న అడగలేదు, నేను అడగలేదు. పనిలోకి దిగితే పరీక్షలకు సెలవు దొరకదు, పట్టా ఆగిపోతుంది. మా ఇంట్లో మొదటి పట్టా. అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

మరునాడు కళాశాలకు వెళ్ళి అణిమా ది ముందు నిలబడ్డాను. ఇక రాలేనని, ఎందుకు రాలేనో వివరంగా చెప్పాను. బస్సులో వాక్యాలు కూర్చుకుంటూ వెళ్ళాను కనుక ఎక్కడా తడబడలేదు. ఆమె వింటూ పెన్‌డ్రైవ్ ఎర్రదారాన్ని వేలికి చుట్టుకుంటున్నారు. అయ్యో అనలేదు. ధైర్యం చెప్పలేదు. "నిన్న ఏం చేశావు?" అన్నారు.

నాకు ఆమె మీద మొట్టమొదటిసారి కోపం వచ్చింది. "ది, నేను చెప్పింది మీరు విన్నారా?" అన్నాను.

"విన్నాను. మీ నాన్నగారు మంచంలో ఉన్నారు. సర్దార్ వచ్చారు. నువ్వు బస్సులో బాగా ఆలోచించావు. మీ అమ్మగారు?"

"అమ్మ ఇంట్లోనే ఉంది."

"నిన్న ఏం చేశారు?"

బియ్యం ఏరింది. అంతకు మించి నాకు తెలియదు. ఆమె మామూలు గొంతుతో, "ఈ శనివారం నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. మీ అమ్మగారిని తీసుకురా," అన్నారు. నేను అమ్మకు చదువు రాదన్నాను. "నిన్నలు చదువుకోనివాళ్ళకు కూడా వస్తాయి," అన్నారు ఆమె.

అమ్మను ఒప్పించడం అంత కష్టం కాలేదు. అది నాకు ఆశ్చర్యం. "మీ టీచరమ్మకి ఇంటికాడ పని నేదేటి? అందరి నిన్నలూ ఆవిడకే కావాల?" అని గొణుగుతూనే పెళ్ళిళ్ళకు కట్టే నీలం చీర తీసింది. నాన్న దగ్గర చెల్లెల్ని ఉంచి బస్సెక్కాం. ల్యాబ్ గుమ్మంలో చెప్పులు విడిచి, ఆ గోనెపట్టా మీద పాదాలు రుద్దుకుని, లోపలికి చూసి అమ్మ ఆగిపోయింది. "అందరూ ఆడగుంటలేనేటే?" అంది. "అందరూనే అమ్మా." "ఈ మిషన్లన్నీ ఈలే నడుపుతారా?" "అవును." అమ్మ వెళ్ళి మధ్య కుర్చీలో కూర్చుంది.

అణిమా ది ఆమెకు నమస్కారం పెట్టి, అందరినీ అడిగినట్టే అడిగారు. అమ్మ ఖిదిర్‌పూర్ బజారులో నేర్చిన హిందీ, బెంగాలీ కలిపి జవాబు చెప్పింది. ఇక్కడ ఆమె ఇంటి మాటలోనే రాస్తున్నాను.

"ఒలమ్మా, నా నిన్నలో ఏటుంటది? వండినాను, తోమినాను."

"వండక ముందు?"

"నీల్లు పట్టినాను. మా ఇంటాయనకి ఒల్లు తుడిసినాను. పడిపోయిన సెయ్యి ఎత్తి తుడిసినప్పుడల్లా నన్ను తిడతాడు."

"మిమ్మల్ని ఎందుకు తిట్టడం?" అంది రుమా.

"మరి సేతిని తిడితే అది ఇనదు గదా," అంది అమ్మ. అమ్మాయిలు నవ్వారు. అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతో ఆమె వీపు కుర్చీకి ఆనింది. తరువాత ఆమె ఎవరూ అడగకుండానే చెప్పుకుపోయింది. ఉదయాన్నే నాన్న సంగతి మాట్లాడటానికి హాజిరా పిలిచే చోటికి వెళ్ళిందట. పనిలోకి వెళ్ళే ముందు సర్దార్లు పేర్లు పిలిచే చోటు అది. మాకెవరికీ ఆమె అక్కడికి వెళ్ళినట్టు తెలియదు.

"ఆడోల్లు కూడా వరసలో నిలబడినారు. పేరు పిలిసినప్పుడు హాజిర్ అంతన్నారు. ఒకామె ఆవలిత్తా అంది. ఒకామె పక్కదాంతో పరాసికాలాడతా అంది. నాను గోడవార నిలబడి సూసినాను. అందరూ ఎల్లిపోయినా అక్కడే ఉన్నాను. గురువులొచ్చి, ఏటప్పా ఇంకా ఎల్లనేదా, అన్నాడు."

"అంతసేపు ఏం చూశారు?" అన్నారు అణిమా ది.

అమ్మ అంతవరకూ బెంగాలీలో, హిందీలో నెట్టుకొచ్చింది. ఆ ప్రశ్నకు మాత్రం తల నా వైపు తిప్పి తెలుగులో చెప్పింది: "నా పేరు పిలిత్తే ఎలాగుంటదా అనీసి సూసినాను."

నేను వెంటనే అనువదించలేకపోయాను. "ఏమన్నారు?" అన్నారు అణిమా ది. చెప్పాను. వెనుక నుంచి ఒక అమ్మాయి, పిన్నీ అని పిలిచినట్టుగా, "మాసీమా, మీ పేరేమిటి?" అంది. "సింహాచలం," అంది అమ్మ. ఆ పేరు వాళ్ళ నోటికి కొత్త. ఇద్దరు ముగ్గురు పలికి చూసుకున్నారు. మా క్వార్టర్లలో ఆమె అప్పారావు పెళ్ళాం, పార్వతి అమ్మ. ఆమె పేరును ఒక గదిలో అంతమంది పలకడం నేను అదివరకు వినలేదు.

"ఆ పని మీకు కావాలా?" అన్నారు అణిమా ది.

"నన్నెవులు అడిగినారేటి?" అంది అమ్మ. అంటూనే, అడిగారని గ్రహించినట్టుగా, చేతులు ఒళ్ళో సర్దుకుని, "కావాలి," అంది.

ఇంటికి వచ్చాక జరిగిన యుద్ధంలో అణిమా ది లేరు, నేను కూడా లేనట్టే. నాన్న మంచం మీంచి ఎడమచేత్తో నీళ్ళ చెంబు విసిరాడు. "నా పానం ఉండగా నా పెళ్ళాం రోడ్లూడవాల? ఎందుకు పనిసేసినాను ఇన్నేళ్ళు? నీ సేతికి సీపురు రాకూడదనే గదా!"

"మరి కూతురు ఊడిత్తే పరవానేదేటి?" అంది అమ్మ చెంబు తీసి యథాస్థానంలో పెడుతూ.

"అది ఊడవదు. టేబులు కాడ కూకుంటాది."

"ఎవులు సెప్పినారు?"

నాన్న, మంచం పక్కన కూర్చున్న గురువులు మావయ్య వైపు చూశాడు. గురువులు మావయ్య తల గోక్కున్నాడు. "అంటే... ముందు సీపురే ఇత్తారనుకో. తరవాత్తరవాత, సదువు సూసి..." అని ఆగిపోయాడు. "సూసినావా మావా?" అంది అమ్మ నాన్నతో. "సీపురు ఎలాగూ వత్తాది. అదొత్తే దానికి సదువు పోతాది. నాకొత్తే నాకేటి పోతాది?" నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు అమ్మ పెడితే అన్నం తినలేదు. నేను కలిపి పెడితే తిన్నాడు. మూడో రోజు అమ్మే కలిపి పెట్టింది. నోరు తెరిచాడు. తరువాత ఎప్పుడో నాతో అన్నాడు, "దానికి ఇట్టమని నాకు తెల్దే. సుకంగా ఇంట్లో కూకోబెట్టినాననుకున్నాను, ఇన్నాళ్ళూ." ఆయన ప్రేమ అబద్ధం కాదు. ఆమె కోరిక కూడా అబద్ధం కాదు. ఒకే గదిలో ఇన్నేళ్ళు ఉండి అవి ఒకదానికొకటి ఎదురుపడలేదు.

పరీక్షలు ముగిశాక అణిమా ది దగ్గరికి వెళ్ళాను. మనసులో ఒకటే ప్రశ్న. ఆమె అంతా ఊహించే అమ్మను పిలిపించారా? లేక నిజంగానే ఆ శనివారానికి వచ్చేవాళ్ళు లేకనా? సూటిగా అడిగేశాను: "ది, అమ్మ ఆ మాట అంటుందని మీకు ముందే తెలుసా?"

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "తెలిస్తే అడగను పార్బొతీ. తెలిసినవి అడగడం పరీక్షల్లో పని."

ఆ జవాబు నిజమో, తప్పించుకోవడమో తేల్చుకోలేదు. ఇప్పటికీ రెండు వైపులా ఆలోచిస్తాను. ఒక్కొక్కసారి, ఆమెకు అన్నీ తెలుసనిపిస్తుంది; మా ఇంటి డబ్బా మూత విప్పి, ఏది ఊడిందో చూసిన మనిషి. ఒక్కొక్కసారి, ఆమెకు మా అమ్మ నిన్న ఏం చేసిందో తెలుసుకోవాలన్న కుతూహలం తప్ప మరేమీ లేదనిపిస్తుంది. రెండవదే నిజమైతే ఆమె నాకు ఇంకా గొప్పగా కనిపిస్తుంది. మేలు చేయాలని అడిగేవారు జవాబును ముందే మనసులో పెట్టుకుంటారు. మాకు గురువులు మావయ్య కూడా మేలే కోరాడు కదా.

నేను ఇప్పుడు ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. ఎక్కడ ఏది ఆగిపోయినా ఫోన్ నాకే వస్తుంది. ఒక ఆసుపత్రిలో బిల్లుల కౌంటర్ కంప్యూటర్ సాయంత్రం పూట ఆగిపోతోందని ఎన్నో వారాలు ఫిర్యాదు. మా వాళ్ళు ప్రోగ్రామంతా జల్లెడ పట్టారు. నేను వెళ్ళి, కౌంటర్‌లో కూర్చునే ఆమె పక్కన స్టూలు వేసుకుని, "నిన్న ఏం చేశారు, ఉదయం నుంచి చెప్పండి," అన్నాను. ఆమె నన్ను వింతగా చూసి చెప్పింది. మధ్యాహ్నం దాటి నాలుగింటి దాకా వచ్చేసరికి, "తరవాత టీ పెట్టుకుంటాం కదా," అంది. కరెంటు కెటిల్ వైరు కంప్యూటర్ వైరున్న బోర్డులోకే వెళ్తోంది. మా ఆఫీసులో ఇది ఇప్పటికీ నవ్వుకునే కథ. నేను దాన్ని నవ్వులాటగా తీసుకోను. ఆ వైరు దగ్గరికి నేను వెళ్ళిన దారి నాది కాదు.

ఆ జూలై శనివారం నన్ను పిలిచింది ఇప్పటి అధ్యాపకురాలు. అణిమా ది పోయాక కూడా ఆ కుర్చీ వేస్తున్నారు. రెండో చెప్పు కూడా విడిచి, లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ముందు వరుసలో ఒక అమ్మాయి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా వైపే చూస్తోంది. "దీదీ, నిన్న ఏం చేశారు?" అంది. నేను ఎన్నోసార్లు విన్న ప్రశ్నే. అయినా నాకు ఆశయాల గురించి చెప్పాలనిపించింది. అణిమా ది గురించి చెప్పాలనిపించింది. అప్పుడే గాలిలో వెనక్కి తిరిగే చూపుడు వేలు కళ్ళకు కట్టింది. నిద్ర లేచిన దగ్గర నుంచి మొదలుపెట్టాను.

అమ్మ ఆ కుర్చీలో కూర్చున్న తరువాత మా ఇంట్లో మారినది ఇదే. అమ్మ ఉద్యోగంలో చేరింది. ఇప్పటికీ రోజూ ఉదయం హాజిరాలో ఆమె పేరు పిలుస్తారు. మేము ఖిదిర్‌పూర్ క్వార్టర్‌లోనే ఉన్నాము. నాకు పట్టా వచ్చింది, చెల్లెలికి కూడా వచ్చింది. అమ్మ పని నుంచి వచ్చేసరికి నాన్న ఎడమచేత్తో టీ కాచి ఉంచుతాడు. గ్లాసు ఆమె ముందు పెట్టి, మంచం మీద సర్దుకు కూర్చుని, "ఇయేల ఏటి సేసినావు?" అని అడుగుతాడు. అమ్మ చెబుతుంది.